పదకొండేళ్ల నాటి జెయింట్ గుమ్మడి గింజలు, మిగిలినవి ఐదే. ఎలా మొలిపించాలి?

కొలంబస్_పెరడు, ఏప్రిల్ 6

అందరికీ నమస్కారం. మేం ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉంటాం. మా పక్కింటి పెద్దాయన ఏటా జెయింట్ గుమ్మడి పెంచి, అక్టోబరులో తూకం పోటీకి ట్రెయిలర్ మీద ఎక్కించి తీసుకెళ్లేవారు. కిందటేడాది మార్చిలో ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్లిపోతూ మా అమ్మాయిని పిలిచి, చేతిలో చిన్న కాగితం కవరు పెట్టి, ఇక నువ్వు పెంచు అన్నారు. మొన్న చలికాలంలో ఆయన పోయారు. కవరు మీద పెన్సిల్‌తో 1306 అని, పక్కన ఆయన ఇంటిపేరు, కింద 2014 అని ఉంది. లోపల ఏడు గింజలు, ఒక్కోటి బొటనవేలి గోరు కంటే పెద్దది.

కిందటేడాది ఏమీ తెలియక రెండు గింజలు కుండీ మట్టిలో అంగుళం లోతున గుచ్చి, కిటికీ దగ్గర పెట్టి రోజూ నీళ్లు పోశాను. పన్నెండు రోజులు చూసి తవ్వితే రెండూ మెత్తబడి ఉన్నాయి, వేలితో నొక్కగానే లోపలి పప్పు తెల్లటి జిగురులా బయటికొచ్చింది, కుళ్లిన వాసన. అమ్మాయి చాలా ఏడ్చింది. అప్పటికి ఆయన ఇంకా ఉన్నారు, ఫోన్ చేసి అడగాల్సింది, మొహమాటపడి అడగలేదు. ఆ బాధ ఇప్పటికీ ఉంది.

ఇప్పుడు ఐదే మిగిలాయి. మా దగ్గరికి వచ్చేముందు చాలా ఏళ్లు ఆయన గరాజ్‌లో సొరుగులోనే ఉన్నాయట, అంటే వేసవి వేడి, చలికాలం గడ్డకట్టే చలి రెండూ చూసినవి. రాత్రంతా నానబెట్టాలా? అంచులు అరగదీయాలని ఒకరు, అస్సలు ముట్టుకోవద్దని ఒకరు చెప్తున్నారు. నీళ్లలో వేస్తే తేలినవి చచ్చినట్టే అంటారు, అది నిజమేనా? ఈ ఐదింటిలో ఒక్కటి మొలిచినా చాలు మాకు. చేసినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, చాలా టెన్షన్‌గా ఉంది.


మిన్నెసోటా_తీగ, ఏప్రిల్ 6

ముందు ఒక మాట అండీ. ఆ ఐదింటినీ ఇవాళ ముట్టుకోకండి. విత్తనాల షాపులో అట్లాంటిక్ జెయింట్ అనే మామూలు జెయింట్ గుమ్మడి రకం ప్యాకెట్ ఒకటి కొనుక్కొచ్చి, నేను కింద చెప్పేదంతా ముందు వాటి మీద చేయండి. గింజ ఎంత గట్టిగా ఉంటుందో, ఎంత అరగదీస్తే ఏం కనిపిస్తుందో చేతికి తెలియాలి. ఆ తెలియడం కోసం మీ ఐదింటిలో ఒక్కటి కూడా ఖర్చు కాకూడదు.

కవరు మీద 1306 అంటే ఆ గింజలు తీసిన కాయ బరువు, పౌండ్లలో. అంటే 590 కిలోల పైమాట. పోటీలకు పెంచేవాళ్లు గింజకి పేరు అలాగే పెడతారు: బరువు, పెంచినవాళ్ల ఇంటిపేరు, ఏడాది. 2012లో అమెరికాలోని టాప్స్‌ఫీల్డ్ సంతలో మొదటిసారి 2000 పౌండ్లు దాటిన కాయ రాన్ వాలెస్‌ది, 2009 పౌండ్లు, దాని గింజల్ని అందరూ 2009 వాలెస్ అనే పిలుస్తారు. ఈ రకం మొత్తానికి మూలం కెనడాలో నోవా స్కోషియాలోని విండ్సర్ ఊళ్లో హోవర్డ్ డిల్ అనే రైతు, 1979 నుంచి 1982 దాకా వరసగా నాలుగేళ్లు ప్రపంచంలో పెద్ద కాయ ఆయనదే. 2023లో మా రాష్ట్రంలో అనోకా ఊరి ట్రావిస్ గీంగర్ 2749 పౌండ్ల కాయని కాలిఫోర్నియాలో హాఫ్ మూన్ బే దాకా తీసుకెళ్లి తూకం వేయించారు. మీ పెద్దాయన అంత శ్రద్ధగా రాసిపెట్టారంటే అవి ఆయన ఎంచి తీసిన గింజలు, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

కిందటేడాది మీ గింజల్ని చంపింది చలి, నీళ్లు కలిసి. ఏప్రిల్‌లో కిటికీ దగ్గర మట్టి రాత్రిళ్లు 60 డిగ్రీల ఫారెన్‌హీట్‌కి పడిపోతుంది. గుమ్మడికి కావలసింది 85 నుంచి 90. కొత్త గింజ ఆ వెచ్చదనంలో మూడు నాలుగు రోజుల్లో వేరు తీస్తుంది, పాతదానికి వారం పైనే పట్టొచ్చు, ఆ వారమంతా అది చల్లటి తడి మట్టిలో కూర్చుంటే బూజు దాన్ని ముందే తినేస్తుంది. కాబట్టి పాత గింజని మట్టిలో మొలిపించొద్దు. పేపర్ టవల్‌లో మొలిపించి, వేరు వచ్చాకే మట్టిలోకి.

అరగదీయడం నిజంగా పనిచేస్తుంది, ఈ రకానికి పెంకు మందం. గోళ్లు రుద్దుకునే ఆకురాయి చాలు. గింజకి ఒక చివర మొనదేలి ఉంటుంది చూడండి, వేరు అక్కణ్ణుంచే వస్తుంది, ఆ మొనని మాత్రం తాకొద్దు. మొనని బొటనవేలు, చూపుడువేలు మధ్య దాచి పట్టుకుని, మిగతా అంచు చుట్టూ నెమ్మదిగా రుద్దండి. పెంకు పొడి రాలుతుంది, కాసేపటికి అంచు వెంట రంగు మారి సన్నటి గీతలా కనిపిస్తుంది. అక్కడ ఆగిపోవాలి. ఇంకొంచెం రుద్దితే పప్పు అంచు గాయపడి, బూజు అక్కడే మొదలవుతుంది.

పేపర్ టవల్ తడిపాక రెండు చేతులతో గట్టిగా పిండండి, చుక్క కూడా కారకూడదు. గింజలు మడతలో పెట్టి జిప్ సంచీలో వేయండి, కానీ మూతి పూర్తిగా మూయొద్దు, గింజకి గాలి కావాలి. రోజుకి రెండుసార్లు తెరిచి చూడండి, రోజు మార్చి రోజు కొత్త టవల్ పెట్టండి. ప్రతి గింజకీ విడిగా ఒక సంచీ. ఒకటి కుళ్లితే పక్కది కూడా పోతుంది.


నిజామాబాద్_వరి, ఏప్రిల్ 7

అక్కా, నేను జెయింట్ గుమ్మడి ఎప్పుడూ పెంచలేదు, కానీ మీ పోస్టు చదువుతుంటే మా ఇంట్లో వరికి మండె కట్టడమే గుర్తొచ్చింది. వడ్లు ఒక రోజు నానబోసి, నీళ్లు వంచేసి, గోనె సంచిలో మూటగట్టి పైన గడ్డి కప్పి బరువు పెడతాం. మర్నాడు సంచిలో చెయ్యి పెడితే వేడిగా తగులుతుంది, ముక్కు పగిలి తెల్లగా మొలకలు వచ్చి ఉంటాయి. ఆ వేడి ఎక్కడిది? గింజలదే. బస్తాడు గింజలు ఒకేచోట ఊపిరి పీలుస్తుంటే వాటి వేడి వాటికే సరిపోతుంది. మీ ఐదు గింజలకి ఆ బలగం లేదు కాబట్టి వేడి మీరే ఇవ్వాలి. నాకు తోచింది ఇది.

మా నాయనమ్మ గుమ్మడి గింజల్ని బూడిదలో కలిపి, పేడలో అద్ది గోడకి కొట్టేది. సొర గింజలైతే ఎండిన కాయలోనే ఉంచి పొయ్యి పైన దూలానికి వేలాడదీసేది, పొగకి పురుగు పట్టదు. కానీ అవి ఒక పంట నుంచి ఇంకో పంట దాకా, మహా అయితే రెండేళ్లు. పదకొండేళ్ల గింజ మొలవడం నేను చూడలేదు. వడ్లలాగే ఒక రాత్రి గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి చూడండి, పెంకు మెత్తబడుతుంది.


విత్తన_పరీక్ష, ఏప్రిల్ 7

నానబెట్టే విషయంలో పైన తమ్ముడు చెప్పినదానికి నేను ఒప్పుకోను, అది కొత్త వడ్లకి సరే, పాత గుమ్మడికి కాదు. రాజేంద్రనగర్‌లో వ్యవసాయం చదివి, పద్నాలుగేళ్లుగా హైదరాబాద్‌లో విత్తన పరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తున్నాను, పాత గింజల్ని నీళ్లలో ముంచి పోగొట్టుకున్నవాళ్లని చాలామందిని చూశాను.

గుమ్మడి గింజలో మొక్కకి కావలసిన తిండి అంతా ఆ రెండు పప్పుబద్దల్లోనే ఉంటుంది, అందులో ఎక్కువ భాగం నూనె. మనం వేరుశనగ పప్పు డబ్బాలో మరిచిపోతే కొన్నాళ్లకి కారు వాసన వస్తుంది కదా, ఆ నూనె చెడడమే లోపల జరుగుతుంది. దాంతోపాటు కణాల చుట్టూ ఉండే సన్నటి పొరలు కూడా దెబ్బతింటాయి. బాగా ఎండిన అలాంటి గింజని ఒక్కసారిగా నీళ్లలో ముంచితే, నీరు ఆ పొరలని చీల్చుకుంటూ లోపలికి వస్తుంది. పొర తనను తాను సరిచేసుకునేలోగా లోపలి చక్కెరలు, లవణాలు బయటికి కారిపోతాయి. గింజకి శక్తి పోయింది, బయట బూజుకి విందు. మీకు వచ్చిన జిగురు అదే.

కాబట్టి ముందు నీళ్లు కాదు, తేమగాలి. మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా తీసుకోండి. అడుగున తడి గుడ్డ, దాని మీద టీ వడపోసే జాలీ బోర్లించి, జాలీ పైన గింజలు, నీరు తగలకుండా. మూత పెట్టి ఒక రోజు గది వేడిలో ఉంచండి. గింజ గాలిలోని తేమని మెల్లగా పీల్చుకుంటుంది. పంటల గింజల్ని ఏళ్ల తరబడి భద్రపరిచే జీన్ బ్యాంకుల్లో బాగా ఎండబెట్టి దాచిన గింజల్ని మొలక పరీక్షకి తీసేముందు ఇలాగే చేస్తారు. ఆ తర్వాత మిన్నెసోటా వారు చెప్పిన పిండిన టవల్‌లోకి. నీళ్లలో ముంచే అవసరమే రాదు.

తేలడం, మునగడం పరీక్షని గుమ్మడికి నమ్మకండి. పెంకుకి, పప్పుకి మధ్య గాలి ఉంటుంది, మంచి గింజ కూడా తేలుతుంది. మా ల్యాబ్‌లో గింజ బతికుందో లేదో చూడటానికి టెట్రజోలియం పరీక్ష చేస్తాం, బతికిన భాగం ఎర్రగా మారుతుంది, కానీ దానికి గింజని కోయాలి. ఐదు గింజలున్నవాళ్లకి అది దారి కాదు.

గరాజ్ సంగతి. మా రంగంలో ఒక మోటు లెక్క ఉంది, గింజలో తేమ ఒక శాతం తగ్గినా, దాచిన చోట వేడి 5 డిగ్రీల సెల్సియస్ తగ్గినా ఆయుష్షు రెట్టింపు అవుతుంది. పటాన్‌చెరులో ఇక్రిశాట్ అనే అంతర్జాతీయ పంటల పరిశోధన సంస్థ జీన్ బ్యాంకులో దీర్ఘకాలం దాచే గింజల్ని మైనస్ 20 డిగ్రీల దగ్గర పెట్టేది అందుకే. మీ గింజలకి చలికాలం పెద్దగా హాని చేసి ఉండదు, ఎండిన గింజ చలిని తట్టుకుంటుంది. పదేళ్ల వేసవులు, గాలిలో తేమ, ఇవే అరగదీశాయి. ఐదులో ఒకటో రెండో వస్తే అది మంచి ఫలితమే అనుకోండి.


కొలంబస్_పెరడు, ఏప్రిల్ 8

చాలా చాలా థ్యాంక్స్ అండీ, ఇంత వివరంగా చెప్తారని అనుకోలేదు. నిన్ననే కొత్త ప్యాకెట్ తెచ్చాం, అమ్మాయి ఆకురాయి పట్టుకుని కూర్చుంది, నాకంటే దాని చెయ్యే నెమ్మది.

రెండు సందేహాలు. వేడి కోసం ఏం వాడాలి? మా ఎలక్ట్రిక్ కుక్కర్‌లో పెరుగు తోడుపెట్టే మోడ్ ఉంది, అందులో పెట్టొచ్చా? ఇంకోటి, వారమైనా ఏమీ రాకపోతే పారేయడమేనా?


మిన్నెసోటా_తీగ, ఏప్రిల్ 8

పెరుగు మోడ్ వద్దండీ, అది 110 డిగ్రీల ఫారెన్‌హీట్ దాకా వెళ్తుంది, గింజ ఉడికినంత పని అవుతుంది. చలికాలంలో దోసె పిండి పులవడానికి ఓవెన్‌లో లైట్ వేసి పెడతాం కదా, అది సరిపోతుంది, కానీ లోపల థర్మామీటర్ ఉంచి చూడండి, కొన్ని ఓవెన్లలో 100 దాటుతుంది, అప్పుడు తలుపు సందులో చెక్క గరిటె పెట్టి కాస్త తెరిచి ఉంచాలి. ఓవెన్ మీట మీద కాగితం అంటించండి, ఎవరైనా మరిచిపోయి వెలిగిస్తే అంతే. కుదిరితే నారు కింద పరిచే హీట్ మ్యాట్ కొనండి, దాని మీద నేరుగా కాకుండా మధ్యలో మడిచిన తువ్వాలు వేసి.

వారం తర్వాత పారేయొద్దు. గింజ గట్టిగానే ఉండి, వాసన లేకుండా, ఊరికే కదలకుండా ఉంటే అది చాలాసార్లు చచ్చినది కాదు, పెంకు చీల్చుకునే బలం లేనిది. అప్పుడు ఆ పని మనం చేయాలి. సబ్బుతో చేతులు కడుక్కుని, గోళ్లు తీసే కట్టర్‌ని స్పిరిట్‌తో తుడిచి, మొనకి ఎదురుగా ఉండే గుండ్రటి చివర పెంకు అంచుని కొద్దికొద్దిగా చిట్లించండి. పెంకు రెండు పలకలుగా విడుతుంది. చిన్నప్పుడు గుమ్మడి గింజలు ఎండబెట్టి వొలుచుకుని తిన్నవాళ్లకి ఇది కొత్త కాదు, కాకపోతే పప్పు విరగకూడదు. పెంకు లోపల పప్పుకి అంటుకుని సన్నటి పొర ఉంటుంది, ఉల్లిపొరలాంటిది, అది కూడా గాలిని ఆపుతుంది, తడి దూదితో రుద్ది తీసేయండి. పప్పు దంతం రంగులో నిగనిగలాడుతుంటే ఆశ ఉంది. గోధుమ రంగు మచ్చ, ముఖ్యంగా వేరు మొన దగ్గర ఉంటే కష్టం. వొలిచిన పప్పుని మళ్లీ శుభ్రమైన టవల్‌లో, అదే వేడిలో. ఇక దానికి పెంకు రక్షణ లేదు కాబట్టి టవల్ రోజూ మార్చాలి. బూజు చుక్క కనిపిస్తే మందుల షాపులో దొరికే 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో దూది ముంచి అద్ది, మంచినీళ్లతో కడిగేయండి.

ఐదూ ఒకేసారి పెట్టకండి. ముందు రెండు.


కొలంబస్_పెరడు, మే 2

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి, తేలాక రాద్దామని ఆగాను.

కొత్త ప్యాకెట్‌లో ఆరు పెట్టాం, నాలుగో రోజుకి ఐదు మొలిచాయి. అప్పుడు ధైర్యం వచ్చి పాతవాటిలో రెండు తీశాం. ఒక రోజు తేమ డబ్బా, అరగదీయడం, టవల్, ఓవెన్ లైట్, థర్మామీటర్ 86, 88 మధ్య. మొదటిది ఆరో రోజు పొద్దున మొన దగ్గర పెంకు వెంట్రుకంత విచ్చుకుంది, సాయంత్రానికి బియ్యపు గింజంత తెల్లటి వేరు. అమ్మాయి అరిచిన అరుపుకి కింది అంతస్తు నుంచి పరిగెత్తాను. రెండోది నాలుగో రోజుకే బూజు పట్టి మెత్తబడిపోయింది.

తర్వాత ఇంకో రెండు పెట్టాం. ఎనిమిది రోజులు ఏమీ లేదు. రెండూ గట్టిగానే ఉన్నాయి, వాసన లేదు, అందుకని వొలిచాం. ఒకదాంట్లో వేరు మొన దగ్గర గోధుమ రంగు, మూడు రోజులు ఉంచి చూశాం, ఆ గింజ చచ్చిపోయింది. రెండోది మీరు చెప్పినట్టే దంతం రంగు. వొలిచిన రెండో రోజుకి పప్పు అంచులు లేత ఆకుపచ్చకి తిరిగాయి, నాలుగో రోజుకి వేరు వంకీ తిరిగింది. పప్పే ఆకుగా మారడం నేను ఇంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు రెండూ కుండీల్లో ఉన్నాయి. పెంకుతో మొలిచినది అరచేతంత అయింది, వొలిచినది మాత్రం చిన్నది, ఒక బీజదళం, అంటే పప్పుబద్ద మారిన మొదటి ఆకు, వంకర.

ఐదో గింజని కవరులోనే ఉంచుదామని అమ్మాయి పట్టుబట్టింది. ఉంచితే పాడవుతుందేమో అని నాకు మనసొప్పడం లేదు. విత్తన పరీక్ష గారూ, ఏం చేయమంటారు?


విత్తన_పరీక్ష, మే 2

నాలుగింటిలో రెండు, అదీ గరాజ్‌లో పడున్న గింజల్లో! చాలా సంతోషంగా ఉంది.

పాప మాట వినండి. రెండు మొక్కలు చేతిలో ఉన్నాయి కాబట్టి ఐదోది ఇప్పుడే పెట్టాలన్న తొందర లేదు. చిన్న గాజు సీసాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లం వేసి, కవరుతో సహా అందులో పెట్టి మూత బిగించి, వారం తర్వాత ఫ్రిజ్‌లో ఉంచండి. పోయిన శక్తి తిరిగి రాదు, ఉన్నది మాత్రం చాలా మెల్లగా తగ్గుతుంది. పెట్టాలనుకున్న రోజు సీసా బయటికి తీసి, గది వేడికి వచ్చేదాకా మూత తీయకండి, లేకపోతే చల్లటి గింజ మీద చెమ్మ పడుతుంది.

బీజదళం వంకరగా ఉన్నదాని గురించి దిగులు వద్దు. అసలు ఆకు సరిగ్గా వస్తే చాలు.


నిజామాబాద్_వరి, మే 3

అక్కా, నేను రాత్రంతా నానబెట్టమన్నాను, నా మాట వినకపోవడమే మంచిదైంది. పాపకి నా తరఫున శభాష్ చెప్పండి. ఈ గుమ్మడి కూరకి పనికొస్తుందా, దప్పళంలో వేస్తారా?


మిన్నెసోటా_తీగ, మే 3

కూరకి బాగోదు తమ్ముడూ, నీరెక్కువ, పీచు, తీపి ఉండదు. ఇది తూకం కోసమే.

కొలంబస్ వారూ, మీ దగ్గర మే మధ్య దాకా మంచు భయం ఉంటుంది, తొందరపడి నేలలో పెట్టకండి. పగలు ఒక గంటతో మొదలుపెట్టి కుండీలని బయటి ఎండకి, గాలికి అలవాటు చేయండి. కుండీలో నీళ్లు తక్కువ, నారుకుళ్లు వస్తే రెండు రోజుల్లో మొదలు దగ్గర నొక్కుకుపోయి పడిపోతుంది. నేలలో ఒక్కో మొక్కకి తక్కువలో తక్కువ 400 చదరపు అడుగులు వదలండి, రెంటికీ చోటు లేకపోతే చిన్నదాన్ని పక్క మడిలో తీగ కత్తిరించి ఉంచినా దాని మొగపువ్వులు పనికొస్తాయి.

ఎందుకంటే మీకు కాయ కంటే గింజలు ముఖ్యం. చుట్టుపక్కల ఎవరి పెరట్లో గుమ్మడి ఉన్నా తేనెటీగలు ఆ పుప్పొడి తెస్తాయి, అప్పుడు వచ్చే గింజ ఆయనది మాత్రమే కాదు. ఆడపువ్వు కింద పిందె ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. రేపు విచ్చుకుంటుందనగా మొగ్గ కొస పసుపురంగుకి తిరుగుతుంది, ఆ సాయంత్రమే దాని మూతిని, మీ రెండో మొక్క మీది మొగమొగ్గ మూతిని మెత్తటి దారంతో కట్టేయండి. తెల్లవారగానే దారాలు విప్పి, మొగపువ్వు రేకులు తుంచి, మధ్య కాడని ఆడపువ్వు లోపల అన్ని వైపులా రుద్ది, మళ్లీ కట్టేయండి. ఒక్క కాయ నిలబడితే వందల గింజలు వస్తాయి.

కట్టడం మాత్రం సాయంత్రమే అయిపోవాలి, తెల్లారేసరికి తేనెటీగలు మీకంటే ముందే వచ్చేస్తాయి.